ఐదు గళ్ల ఆటకు అందరూ వద్దనే ఎనిమిది సలహాలు

మా ఊరి పేరు తెలుగులో మూడక్షరాలు: నా, దెం, డ్ల. ఇంగ్లీషులో రాయబోతే ఎనిమిది గళ్లు కావాలి: ఎన్, ఎ, డి, ఇ, ఎన్, డి, ఎల్, ఎ. పదో తరగతి పరీక్ష ఫారంలో గడికొక అక్షరం చొప్పున నింపమన్నప్పుడు ఈ తేడా నాకు మొదటిసారి తగిలింది. చెవికి ఎలా వినపడితే అలా రాసుకుంటూ పోయాను. ఏడు గళ్లకే ఊరు అయిపోయింది. రెండో డి రాయలేదు. చూడాల్సినవాళ్లు చూడలేదు. ఆ తప్పు సర్టిఫికెట్టులోకి ఎక్కింది. దిద్దించుకోవడానికి రెండు వేసవులు తిరిగాను. ఇంగ్లీషు అక్షరాలంటే భయం నన్ను అక్కడ పట్టుకుంది, ముప్పై ఏళ్లు వదల్లేదు.

వదిలించింది ఒక ఆట. వర్డిల్ అంటారు. రోజుకు ఒక్క మాట, ఐదక్షరాలది, కనుక్కోవడానికి ఆరు అవకాశాలు. మనం పెట్టిన అక్షరం సరైన గడిలో పడితే ఆకుపచ్చ, మాటలో ఉండి గడి తప్పితే పసుపు, అసలు లేకపోతే బూడిద రంగు. న్యూయార్క్‌లో ఉంటున్న జోష్ వార్డిల్ అనే ఇంజినీరు తన సహచరి పాలక్ షా కోసం తయారుచేసి, 2021 అక్టోబరులో అందరికీ తెరిచాడు. 2022 జనవరి ఆఖర్న న్యూయార్క్ టైమ్స్ పత్రిక దాన్ని కొనుక్కుంది. నాకు నేర్పింది గుంటూరులో నర్సింగు చదివే మా మేనకోడలు. పొద్దున ఏడింటికల్లా తన రంగుగళ్లు ఫోనులోకి వస్తాయి, "మావయ్యా, నీదేదీ?" అన్న మాటతో.

ఈ ఆటకీ, పరీక్షల్లో ఇలాంటి ప్రశ్నలకీ సలహాలు చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఎ, ఇ ఉన్న ఐదక్షరాల మాటలు ఇవి, వై తో ముగిసేవి ఇవి అంటూ జాబితాలు చేతిలో పెట్టి బట్టీ పట్టమంటారు. నేను చెప్పేవి దానికి పూర్తిగా అడ్డం. వింటే "ఇవేం సలహాలు, పిల్లలు చెడిపోతారు" అంటారు. మూడేళ్లు ఆడి, ఓడి, ఒక పిల్లతో కలిసి నేర్చుకుని చెబుతున్నాను. ఊరి పేరుకు ఎనిమిది గళ్లు కాబట్టి సలహాలూ ఎనిమిదే.

1. జాబితా చింపేయండి

ఇరవై ఆరు అక్షరాలను ఐదు గళ్లలో ఎన్ని రకాలుగా పేర్చవచ్చు? 1,18,81,376 రకాలుగా. అందులో ఇంగ్లీషు మాటలనదగ్గవి దాదాపు 12 వేలు. ఆట తయారయ్యేటప్పుడు పాలక్ షా ఆ 12 వేలనూ ముందేసుకుని, తనకు తెలిసినవి ఏవి, తెలియనివి ఏవి అని ఏరింది. సుమారు 2,500 మిగిలాయి. జవాబులు ఆ కుప్పలోంచే వచ్చాయి. అంటే ఈ ఆట నిఘంటువును చూసి కట్టింది కాదు, ఒక మనిషికి తెలిసిన మాటల మీద కట్టింది. తెలిసిన మాటలతోనే దీన్ని గెలవగలం.

మా మేనకోడలికి ఒక కోచింగు సెంటరులో ఇచ్చిన జిరాక్సు కాగితాలు నేను చూశాను. ఎ, ఇ ఉన్న మాటలు పేజీకి నాలుగు వరసలు. అందులో ‘ఈలండ్’ ఉంది: ఇ, ఎల్, ఎ, ఎన్, డి. స్పెల్లింగు గడగడా చెప్పింది. "అంటే ఏమిటమ్మా?" అన్నాను. తెలియదంది. అది ఆఫ్రికాలో తిరిగే పెద్ద జంతువు, చూడ్డానికి మన మనుబోతులా ఉంటుందని చెప్పి బొమ్మ చూపించాను. ఆ పేజీలో మిగతా మాటలన్నీ నెలకే మరిచిపోయింది. ఈలండ్ మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

జాబితా అక్షరాల వరసలో ఉంటుంది. మన బుర్రలో మాటలు ఆ వరసలో ఉండవు. వంటింటి మాటలు వంటింటి పక్కన, ఆసుపత్రి మాటలు ఆసుపత్రి పక్కన ఉంటాయి. కాబట్టి ఆ కాగితాలు తీసేసి, చేతికి అందే నోటుపుస్తకం ఒకటి పెట్టుకోండి. రోజుకు ఒక్క మాట, దాని కింద మీ ఇంట్లో జరిగిన సంగతితో ఒక వాక్యం. ఏడాదికి 365 మాటలవుతాయి. అవి మీవి.

2. మొదటి మాట తప్పాలని కోరుకోండి

మొదటి ప్రయత్నంలో రెండు ఆకుపచ్చలు పడితే అందరూ గంతులేస్తారు. ఐదూ బూడిదైతే మొహం వేలాడేస్తారు. నాకు ఐదూ బూడిదైన రోజు ధైర్యం వస్తుంది.

స్లేట్ అని పెట్టాననుకోండి: ఎస్, ఎల్, ఎ, టి, ఇ. ఐదూ బూడిద. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా తిరిగే అక్షరాల్లో ఐదు ఒక్క దెబ్బకు పక్కకు పోయాయి. అచ్చుల్లో ఎ, ఇ పోయాయి కాబట్టి ఇక ఐ, ఓ, యు, లేదంటే అచ్చు పని చేసే వై. ఆ మాటలు ఏముంటాయి? రౌండ్, గ్రూప్, ప్రౌడ్, బంచ్, కర్రీ. చూడండి, ఊళ్లన్నీ వదిలి ఒక్క వీధిలోకి వచ్చేశాం.

ఇది ఆటకే చెల్లే మాట కాదు. తెలుగు మీడియం పిల్ల ఇంగ్లీషులో నోరు విప్పకపోవడానికి మొదటి మాట తప్పుతుందేమోనన్న భయమే మూలం. మొదటి మాట తప్పడం కోసమే ఉందని ముందే చెప్పేయండి. తప్పిన తరవాత ఇంకా ఐదు ఉన్నాయి. మా మేనకోడలు ఒకప్పుడు మొదటి మాట పెట్టడానికి పావుగంట ఆలోచించేది. ఇప్పుడు నీళ్లు కాగేలోపు పెట్టేస్తుంది.

3. అచ్చుల వెంట పడకండి

అచ్చులు ముందు పట్టుకో, హల్లులు వాటంతట అవే వస్తాయంటారు. అందుకే లోకమంతా ‘అడ్యూ’తో మొదలుపెడుతుంది: ఎ, డి, ఐ, ఇ, యు. ఒక్క మాటలో నాలుగు అచ్చులు. కానీ ఆట నడిపే పత్రికే ఆటగాళ్ల ఆటలు లెక్కగట్టి, ఎక్కువమంది ఎంచుకునే మాట అదేననీ, స్లేట్‌తో మొదలుపెట్టేవాళ్లకన్నా వీళ్లకు ఎక్కువ ప్రయత్నాలు పడుతున్నాయనీ తేల్చింది. వాళ్ల లెక్కల యంత్రం వర్డిల్‌బాట్ 2022లో ముందు క్రేన్‌ను, తరవాత స్లేట్‌ను మెచ్చుకుంది. రెండింటిలోనూ హల్లులు మూడు, అచ్చులు రెండే.

ఇందులో కిటుకు ఏమిటో గుణింతం నేర్చుకున్నవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. క, కా, కి, కీ అన్నప్పుడు క కదలదు, దాని మీద గుర్తులే మారతాయి. మాటకు ఎముక హల్లు. ఎ, ఇ ఉన్నాయని తెలిస్తే బ్రెడ్ కావచ్చు, వాటర్ కావచ్చు, టేబుల్, హార్ట్, పీస్, ఏదైనా కావచ్చు. అదే పి, ఎల్, టి ఉన్నాయని తెలిస్తే ప్లేట్, పైలట్, ప్లాంట్ అని వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు.

పైగా స్లేట్ అంటే మనకు పరాయిది కాదు, పలక. సాతులూరు స్టేషను మా మండలంలోదే. ఆ లైనులో రైలెక్కి నరసరావుపేట, వినుకొండ, దొనకొండ దాటిపోతే మార్కాపురం రోడ్డు వస్తుంది. పలకలకు పేరున్న మార్కాపురం అదే. మా తరం అక్షరాలు దిద్దింది పలకల మీదే. అమెరికాలో యంత్రం కష్టపడి లెక్కలు వేసి మొదట రాయమన్నది పలకే.

4. ఆకుపచ్చ పడ్డ అక్షరాన్ని కాసేపు వదిలేయండి

ఈ సలహా చెబితే మా మేనకోడలే ఒప్పుకోలేదు. "పచ్చ పడ్డాక తీసేస్తారా ఎవరైనా?" అంది. ఆ మర్నాడే ఓడిపోయింది.

చివరి నాలుగు గళ్లు ఐ, జి, హెచ్, టి అని తేలిపోయాయనుకోండి. మొదటి గడి ఒక్కటే ఖాళీ. ఎయిట్, ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్: ఎనిమిది మాటలు. ఒకదాని తరవాత ఒకటి పెట్టుకుంటూ పోతే అవకాశాలు అయిపోతాయి, మాటలు మిగిలిపోతాయి. నాలుగు పచ్చలు పెట్టుకుని ఓడిపోవడమంటే ఇదే.

అప్పుడు పచ్చల్ని చెడగొట్టండి. ‘ఫిల్మ్స్’ అని పెట్టండి: ఎఫ్, ఐ, ఎల్, ఎమ్, ఎస్. అది జవాబు కాదని మీకు తెలుసు. కానీ ఒక్క దెబ్బకు నాలుగు అక్షరాలను అడిగేశారు. ఎఫ్‌కు రంగు వస్తే ఫైట్, ఎల్‌కు వస్తే లైట్, ఎమ్‌కు వస్తే మైట్, ఎస్‌కు వస్తే సైట్. ఒక్కదానికీ రాకపోతే మిగిలినవి ఎయిట్, నైట్, రైట్, టైట్. అప్పుడు ‘ఎంటర్’ పెట్టండి: ఇ, ఎన్, టి, ఇ, ఆర్. ఇ, ఎన్, ఆర్‌లలో దేనికి రంగు వస్తే ఆ మాట. మూడింటికీ రాకపోతే టైట్. రెండు అవకాశాలు పోగొట్టుకుని ఎనిమిది అనుమానాలు తీర్చుకున్నారు.

మిర్చి కొనేవాడు టిక్కీ బస్తాలన్నీ విప్పించడు. ఇక్కడొకటి, అక్కడొకటి తీసి, కాయ తుంచి, రంగూ తాలూ చూసి లాటు సంగతి చెప్పేస్తాడు. తుంచిన కాయ పోయినట్టే, దానికి లెక్క చూసుకోడు. ఆటలో హార్డ్ మోడ్ అని ఒకటుంది, అది పెట్టుకుంటే ఇలా చేయనివ్వదు. మగతనంలా దాన్ని ఎంచుకునేవాళ్లు ఉన్నారు. నేర్చుకునే రోజుల్లో దాని జోలికి పోవద్దు.

5. స్లేటు అనే అనండి

అన్నిటికన్నా ముఖ్యమైన సలహా ఇది. దీనికే ఎక్కువ తిట్లు తిన్నాను.

ఇంగ్లీషు నేర్పేవాళ్లు మొట్టమొదట దిద్దేది మన మాట చివరి ‘ఉ’ను. స్లేటు కాదు స్లేట్, బస్సు కాదు బస్ అంటారు. పదిమందిలో ఆ మాట పడ్డ పిల్ల మళ్లీ నోరు తెరవదు. అది చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. ఎందుకంటే ఆ పిల్ల తీసేసుకున్న ‘ఉ’లోనే స్పెల్లింగు దాక్కుని ఉంది.

తెలుగు అజంత భాష. మాట అచ్చుతో ముగిస్తే గాని మన నాలుక ఊరుకోదు. అందుకని వచ్చిన ప్రతి మాటకూ ఉకారం తగిలిస్తాం. కానీ ఒకేలా తగిలించం. ఈ మాటలు పైకి అనండి: స్లేటు, ప్లేటు, ఫోను, బ్రేకు, క్రేను, స్కేలు, గ్రేడు, స్టోరు. అచ్చు దీర్ఘం, చివరి హల్లు ఒంటరి. ఈ ఎనిమిదీ ఐదక్షరాల మాటలే, ఎనిమిదింటికీ చివరి గడిలో ఉన్నది ఇంగ్లీషువాడు పలకని ఇ.

ఇప్పుడు ఇవి అనండి: ట్రక్కు, బ్రష్షు, స్టిక్కు, క్లిక్కు. అచ్చు హ్రస్వం, చివరి హల్లుకు ద్విత్వం. వీటిలో ఒక్కదాని చివరా ఇ లేదు.

దీర్ఘం ఉండి చివర ఇ లేకపోతే? ట్రైను, స్పూను, స్వీటు, షీటు, స్టీలు. వీటిలో రెండు అచ్చులు పక్కపక్కన కూచున్నాయి: ఎ ఐ, ఓ ఓ, ఇ ఇ. అంటే దీర్ఘం వినపడితే రెండే దారులు: చివర మూగ ఇ, లేదా మధ్యలో జంట అచ్చులు. ద్విత్వం వినపడితే ఆ రెండూ వెతకక్కర్లేదు.

ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పాలి. ‘ఆ’ ధ్వని ఉన్నచోట పనికిరాదు: గ్లాసు, క్లాసు, స్టాకు, బ్లాకు. రోడ్డు, స్టవ్వు దీనికి లొంగవు. మిగతా చోట్ల నన్ను పదికి ఏడెనిమిదిసార్లు గట్టెక్కించింది. ఏ పుస్తకంలోనూ చూడలేదు. నోట్లో ఉన్న తెలుగే చెప్పింది.

ఇంకొకటి. వర్డిల్ మొదటి జవాబుల పట్టికలో చివరి గడిలో అన్నిటికన్నా ఎక్కువసార్లు ఉన్నది ఇ, దాని తరవాత వై. నోటితో హల్లు దగ్గర ఆపేసే ఇంగ్లీషు, రాతలో మాత్రం మనలాగే చాలాసార్లు అచ్చు గుర్తు దగ్గర ఆగుతుంది. కాబట్టి పిల్లలు స్లేటు అంటే దిద్దకండి. "ఆ చివర వినపడింది చూశావా, అక్కడ ఏముందో చెప్పు" అనండి.

6. దొరికిన అక్షరాన్నే మళ్లీ అడగండి

ఒక అక్షరానికి రంగు వచ్చేస్తే దాని పని అయిపోయిందనుకుని కొత్తవాటి కోసం వెతకమంటారు. నా సర్టిఫికెట్టులో తప్పు సరిగ్గా ఆ ఆలోచన వల్లే పడింది. నాదెండ్లలో ఎన్ రెండు, డి రెండు, ఎ రెండు. నేను ఒక డి రాశాను, ఇక డి తో పని లేదనుకున్నాను.

అమ్మ, అక్క, అన్న, అత్త అంటూ పెరిగినవాళ్లం, ద్విత్వం మనకు కొత్తా? అయినా ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి అక్షరం ఒక్కసారే వస్తుందని ఎందుకో అనుకుంటాం. ఆపిల్‌లో పి రెండు, హ్యాపీలో పి రెండు, కర్రీలో ఆర్ రెండు, స్వీట్‌లో ఇ రెండు. డాడీలో డి మూడు, మమ్మీలో ఎమ్ మూడు.

కాబట్టి మూడో ప్రయత్నం దాటినా మాట తేలకపోతే, కొత్త అక్షరం కోసం కాదు, పాత అక్షరం రెండోసారి కోసం వెతకండి. ఆట కూడా ఇక్కడ సాయం చేస్తుంది. మీరు ఒక అక్షరం రెండుసార్లు పెట్టినప్పుడు జవాబులో అది ఒక్కసారే ఉంటే, ఒకదానికి రంగు వస్తుంది, రెండోది బూడిదవుతుంది. రెండింటికీ రంగు వస్తే రెండూ ఉన్నట్టు. బూడిద పడ్డ రెండోదాన్ని చూసి అసలు ఆ అక్షరమే లేదనుకుని చాలామంది దారి తప్పుతారు. పక్కనున్న దాని రంగు కూడా చూడండి.

7. ఊరి పేరుతో సాధన చేయండి

ఊరి పేర్లు ఆటలో చెల్లవు. కానీ సాధనకు వాటిని మించినవి లేవు. ఎందుకంటే ఆ అక్షరాలు ఎప్పటికీ మరిచిపోరు.

నాదెండ్లలో వేరువేరు అక్షరాలు సరిగ్గా ఐదు: ఎన్, ఎ, డి, ఇ, ఎల్. ఆ ఐదూ కలిపితే ‘లేడెన్’, అంటే బరువెత్తుకున్నది. టిక్కీలు నింపుకుని గుంటూరు యార్డుకు పోయే లారీ, గణపవరం మిల్లులకు పత్తి బోరేలతో వచ్చే ట్రాక్టరు, మా రోడ్డు మీద కనపడేవన్నీ లేడెన్‌లే. అవే ఐదింటిని మార్చి పేరిస్తే మొదట చెప్పిన ఈలండ్. రెండో డి కూడా కలుపుకుంటే ఆరక్షరాల ‘డాండిల్’, అంటే పసిబిడ్డను మోకాళ్ల మీద కూచోబెట్టుకుని ఊపడం. మనవడిని ఆడించే ప్రతి తాతా చేసే పనికి ఇంగ్లీషులో ఒక మాట ఉందనీ, అది మా ఊరి పేరులో ఉందనీ తెలిసిన రోజు నాకు భలే సంతోషం వేసింది.

మాచర్లను విప్పండి. చార్మ్, మార్చ్, క్రీమ్, కేమెల్, క్లియర్, రీచ్ అన్నీ ఐదక్షరాలవే. వాటితోపాటు ‘రెల్మ్’: ఆర్, ఇ, ఎ, ఎల్, ఎమ్. అంటే రాజ్యం. బ్రహ్మనాయుడు అండగా మలిదేవుడు ఏలిన మాచర్ల పేరులోనే రాజ్యం ఉంది. నరసరావుపేటలో స్టోన్ ఉంది, ప్రోజ్ ఉంది, ఓపెరా ఉంది. మొదటి మాటగా చాలామంది ఎంచుకునే ‘అరోజ్’ కూడా ఉంది.

గురజాల దగ్గర ఇబ్బంది. తెలుగులో మెత్తగా పలికే ఆ జ కోసం ఇంగ్లీషులో జెడ్ పెట్టారు. నాలుగక్షరాల ‘గ్వార్’ దొరుకుతుంది, మన గోరుచిక్కుడు. రోజువారీ వాడుకలో ఉన్న ఐదక్షరాల మాట మాత్రం నాకు దొరకలేదు. జెడ్ ఎంత అరుదో స్క్రాబుల్ ఆట చెబుతుంది. 1930లలో ఉద్యోగం పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే అమెరికా ఆర్కిటెక్టు, పత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టి ఆ ఆటకు విలువలు కట్టాడు. ఇ బిళ్లలు 12, ఒక్కోదాని విలువ 1. జెడ్ ఒకటే, దాని విలువ 10. ఆ లెక్కన నాదెండ్ల ఎనిమిది అక్షరాలూ కలిపి 10, గురజాలలో ఒక్క జెడ్‌దే 10.

మీ ఊరిని మీరు విప్పుకోండి. పిల్లలతో విప్పించండి. ఊరి పేరు ఇంగ్లీషులో తప్పు రాసే పిల్లవాడు ఆ ఇంట్లో ఇక ఉండడు.

8. ఓడిపోండి, ఓడిన మాటను ఇంటికి తెచ్చుకోండి

వరసగా ఎన్ని రోజులు గెలిచామో ఆట లెక్క చూపిస్తుంది. ఆ లెక్క చెడుతుందని ఫోను పక్కన పెట్టి ఇంకొకరిని అడిగేవాళ్లు, జవాబు వెతికి చూసుకునేవాళ్లు ఉన్నారు. నేను వారానికి ఒకసారన్నా ఓడిపొమ్మంటాను. గెలిచిన మాట మనకు ముందే తెలుసు. ఓడించిన మాట ఒక్కటే మనకు కొత్తది.

అమెరికాలో ఏటా జరిగే స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీలో మన పిల్లలు గెలుస్తూనే ఉన్నారు. 2003లో సాయి గుంటూరి, 2012లో స్నిగ్ధ నందిపాటి, 2018లో కార్తీక్ నెమ్మాని. 2024లో గెలిచిన బృహత్ సోమ అంతకుముందు రెండేళ్లూ పోటీకి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడు. గెలిచిన రోజు ఫొటోలే మనం ఇక్కడ పిల్లలకు చూపిస్తాం, ఆ తిరిగొచ్చిన రోజులు చూపించం.

నాకు వీళ్లందరిలో అరవింద్ మహంకాళి కథ ఎక్కువ ఇష్టం. 2011లో మూడో స్థానంలో ఆగిపోయాడు. 2012లోనూ మూడో స్థానమే. రెండుసార్లూ పడగొట్టినవి జర్మన్ నుంచి వచ్చిన మాటలు. ఆ భాష నుంచి వచ్చిన మాటల్ని వదిలేసి తప్పించుకోలేదు, పట్టుబట్టి చదివాడు. 2013లో పదమూడేళ్ల వయసులో మళ్లీ నిలబడ్డాడు. చివరి మాట ‘క్నేడెల్’. జర్మన్‌కు చుట్టమైన యిడ్డిష్ భాష నుంచి వచ్చింది. యూదుల ఇళ్లలో సూపులో వేసుకునే పిండి ఉండ. రెండేళ్లు ఓడించిన వైపు నుంచే వచ్చిన మాటతో గెలిచాడు.

ఓడిన మాటను నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో రాయండి. ఆ రోజు సాయంత్రంలోగా ఒక్కసారైనా దాన్ని తెలుగు మాటల మధ్యలో వాడండి. ఎవరు విన్నా ఫర్వాలేదు. మూడుసార్లు వాడిన మాట ఇక ఓడించదు.

క్నేడెల్ మనల్ని ఎవరినీ ఓడించిన మాట కాదు గాని, అది కూడా నా పుస్తకంలో ఎర్ర సిరాతోనే ఉంది. రాసిన రోజు దాని ఏడు అక్షరాలనూ విడివిడిగా చూశాను: కె, ఎన్, ఎ, ఐ, డి, ఇ, ఎల్. అలవాటుకొద్దీ మా ఊరి అక్షరాలు ఒక్కొక్కటే వెతికాను. ఎన్ ఉంది. ఎ ఉంది. డి, ఇ, ఎల్ ఉన్నాయి. ఐదూ ఉన్నాయి! అమెరికాలో ఒక తెలుగు పిల్లవాడిని గెలిపించిన మాటలో నాదెండ్ల అక్షరాలన్నీ ఉన్నాయి. కాగితాన్ని ఫొటో తీసి వెంటనే మా మేనకోడలికి పంపాను.

ఆ పిల్ల డ్యూటీలో ఉన్నట్టుంది, గంట తరవాత జవాబొచ్చింది.

"బాగుంది మావయ్యా. మరి రెండో డి ఏదీ?"